పిల్లల ప్రాజెక్టుల్లో వికీపీడియా: వాడనివ్వాలా, వద్దా?

పల్నాటి టీచరమ్మ (నరసరావుపేట దగ్గర)

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఈసారి ఎఫ్‌ఏకి (నిర్మాణాత్మక మూల్యాంకనానికి) ఎనిమిదో తరగతి వాళ్లకి "మా ఊరు" అని ప్రాజెక్టు ఇచ్చాను. మా బడికి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కూడా వస్తారు కాబట్టి రకరకాల సంగతులు రాసుకొస్తారని ఆశపడ్డాను. దిద్దుదామని కూర్చుంటే అందరి పుస్తకాల్లోనూ మొదటి వాక్యం ఒక్కటే. "2011 భారత జనగణన గణాంకాల ప్రకారం ఈ గ్రామం ఇన్ని ఇళ్లతో, ఇంత జనాభాతో, ఇన్ని హెక్టార్లలో విస్తరించి ఉంది." ఊరి పేరు, అంకెలు మారాయంతే. తెలుగు వికీపీడియాలో తమ ఊరి పేజీ తెరిచి పైనుంచి కిందిదాకా దించేశారు.

"గ్రామంలో మురుగునీటి పారుదల వ్యవస్థ లేదు" అని రాసిన అమ్మాయి ఇంటి ముందే సిమెంటు కాలువ ఉంది. "సమీప ఏటీఎం 5 నుంచి 10 కిలోమీటర్ల దూరంలో ఉంది" అని రాసిన పిల్లాడు ఆ ఏటీఎం ముందు నుంచే రోజూ సైకిలు మీద బడికొస్తాడు. కొందరు జిల్లా అన్నచోట గుంటూరు అని రాశారు. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న వచ్చింది, మా బడి బోర్డు మీద కూడా అదే ఉంది.

స్టాఫ్ రూములో చెబితే "వికీపీడియా నుంచి దించినట్టు కనబడితే సున్నా వేసేయండి మేడమ్, ఎవరు పడితే వాళ్లు రాసేదే కదా" అన్నారు. హెచ్‌ఎం గారిదీ అదే మాట. నాకు మనసొప్పడం లేదు. మా లైబ్రరీ అంటే రెండు బీరువాలు. ఈ ఊళ్ల గురించి తెలుగులో ఇంకెక్కడ చదవమని చెప్పాలి? అలాగని ఈ నకళ్లకి మార్కులు వేయడానికి చెయ్యి రావడం లేదు. మీ బళ్లలో, కాలేజీల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

చరిత్ర మూర్తి (వరంగల్, రిటైర్డ్ లెక్చరర్)

అమ్మా, మీ తోటి మాస్టార్లు చెప్పిందే సరైనదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఇంగ్లీషు వికీపీడియాలో 2007లో బిచోలిం యుద్ధం మీద ఒక వ్యాసం వెలిసింది. 1640-41లో గోవాలోని పోర్చుగీసు వాళ్లకీ మరాఠా సామ్రాజ్యానికీ పోరు జరిగిందని, చివరికి సంధి కుదిరిందని అందులోని కథ. వేల మాటల వ్యాసం, కింద పుస్తకాల పేర్లు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. అదే ఏడాది దానికి "మంచి వ్యాసం" అన్న హోదా కూడా ఇచ్చారు. తీరా చూస్తే ఆ యుద్ధమే జరగలేదు, ఉదహరించిన పుస్తకాలూ లేవు. 2012 చివర్లో ఒక సభ్యుడు వాటికోసం వెతికి చూసేదాకా, అంటే అయిదేళ్లకు పైగా, ఆ పేజీ అలాగే నిలబడింది.

1630లో పుట్టిన శివాజీకి 1640 నాటికి పదేళ్లు. అప్పటికి మరాఠా సామ్రాజ్యం ఎక్కడుంది? చరిత్ర డిగ్రీ చదివినవారు ఎవరైనా మొదటి పేరా దగ్గరే ఆగిపోవాలి. చదివినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు, ఆగినవాళ్లు లేరు. అచ్చు విజ్ఞాన సర్వస్వాల్లో ఏ వ్యాసం ఎవరిదో, సంపాదకులు ఎవరో తెలిసేది, తప్పు దొర్లితే ఫలానావారిని అడగవచ్చు. ఇక్కడ ఎవరిని అడుగుతాం? పెద్దలకే తెలియని చోట పదమూడేళ్ల పిల్లలకు తేడా తెలుస్తుందా?

మూలాలెక్కడ (తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను)

మూర్తిగారూ, బిచోలిం సంగతి మీరు చెప్పిందంతా నిజం. ఇంకొక్క ముక్క కలుపుతాను. "మంచి వ్యాసం" అయ్యాక దాన్ని ఇంకా పై హోదాకి, విశేష వ్యాసంగా, ప్రతిపాదించారు. ఆధారాలు మరీ కొద్ది పుస్తకాల మీదే నడుస్తున్నాయని అక్కడ తిప్పికొట్టారు. అనుమానం అప్పుడే మొదలైంది, కానీ ఆ పుస్తకాలు అసలున్నాయా అని చూసే పని ఎవరూ చేయలేదు. చివరికి పట్టుకున్న సభ్యుడు చేసింది ఆ ఒక్క పనే. దానికి చరిత్ర పాండిత్యం కూడా అక్కర్లేదు. పిల్లలకి నేర్పాల్సింది అదేనని నేనంటాను.

"ఎవరు పడితే వాళ్లు" అన్న మాట గురించి. 2005 డిసెంబరులో నేచర్ పత్రిక సైన్సు వ్యాసాలు తీసుకుని, ఎక్కడివో చెప్పకుండా, ఆ రంగం నిపుణుల చేత వికీపీడియావీ బ్రిటానికావీ పక్కపక్కన చదివించింది. 42 జతల్లో వికీపీడియాలో 162 తప్పులు, బ్రిటానికాలో 123 తేలాయి. పెద్ద పొరపాట్లు రెండింట్లోనూ నాలుగేసి. బ్రిటానికా వాళ్లు 2006లో ఆ పద్ధతినే తప్పుబట్టారు, నేచర్ తన మాట మీదే నిలబడింది. దీన్ని పట్టుకుని వికీ అంతా గొప్పదని నేననను. అవి ఇంగ్లీషు వ్యాసాలు, అందులోనూ సైన్సు వ్యాసాలు. మన తెలుగు ఊళ్ల పేజీలకి ఆ లెక్క వర్తించదు.

టీచరుగారూ, మీ ఊళ్ల పేజీల సంగతికి వస్తాను. రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ప్రతి రెవెన్యూ గ్రామానికీ తెలుగు వికీలో పేజీ ఉంది. వాటిలో ఎక్కువ భాగం 2011 జనగణన వాళ్ల గ్రామ సౌకర్యాల పట్టిక నుంచి ఒకే మూసలో నింపినవి. ఆ పట్టికలో ఊళ్లో లేని సౌకర్యం ఎంత దూరంలో ఉందో మూడు తరగతులుగా ఇస్తారు: 5 కిలోమీటర్ల లోపు, 5 నుంచి 10, 10కి పైన. మీ ఏటీఎం వాక్యం అక్కడిది. 2011లో అది నిజమే అయి ఉండొచ్చు. మొదటి వాక్యంలో 2011 అని స్పష్టంగా ఉంటుంది. కిందికి పోయేకొద్దీ ఉత్త "ఉంది", "లేదు" మాత్రమే మిగులుతాయి. చదివేవాళ్లకి అదంతా ఇవాళ్టి మాటే అనిపిస్తుంది. అది ఆ పేజీల లోపం, పిల్లల మీద వేయడానికి లేదు.

డల్లాస్ సుధ (స్కూల్ లైబ్రేరియన్)

మూర్తిగారిలాగే నిషేధించాలన్న మాట ఇక్కడా చాలా ఏళ్లు నడిచింది. అందరూ ఎత్తిచూపేది మిడిల్‌బరీ కాలేజీని. వెర్మాంట్ రాష్ట్రంలో ఉంది. 2007లో అక్కడి చరిత్ర విభాగం వికీపీడియాని నిషేధించిందని పేపర్లు రాశాయి. జరిగింది వేరు. జపాన్ చరిత్ర పరీక్షలో కొంతమంది పిల్లలు 1637-38 నాటి షిమబరా తిరుగుబాటుకి జెసూట్ మతగురువులు అండగా నిలిచారని రాశారు. అప్పటికి జపాన్‌లో క్రైస్తవం మీద నిషేధం ఉంది, మిగిలిన కొద్దిమంది గురువులు దాక్కుని బతుకుతున్నారు. ఇంతమందీ ఒకే తప్పు ఎలా రాశారా అని ప్రొఫెసరు వెతికితే వికీపీడియా తేలింది. అప్పుడు విభాగం పెట్టుకున్న నియమం ఏమిటంటే, వికీపీడియాని ఆధారంగా చూపించకూడదు, అక్కడి తప్పు మీ పేపర్లోకి వస్తే బాధ్యత మీదే. చదవొద్దని ఎవరూ అనలేదు. వికీపీడియా వాళ్లు కూడా దీనికి అభ్యంతరం చెప్పలేదు, ఏ విజ్ఞాన సర్వస్వమైనా మొదటి మెట్టే కదా అన్నారు.

నేను నా దగ్గరికొచ్చే పిల్లలకి చెప్పేది ఇంకొకటుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్లు పదిమంది చరిత్ర పీహెచ్‌డీలని, పదిమంది ఫ్యాక్ట్‌చెకర్లని, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులని కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. పిల్లల డాక్టర్ల సంఘాలవి రెండు సైట్లు, పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకటి దేశమంతా ఉన్న పెద్ద సంఘం, ఇంకోటి దాన్నుంచి 2002లో చీలిపోయిన చిన్న గుంపు. విద్యార్థులు, చరిత్రకారుల్లో కూడా కొందరు, సైటు ఎంత శుభ్రంగా ఉంది, కింద ఆధారాలున్నాయా, పేరు చివర డాట్ ఆర్గ్ ఉందా అని ఆ పేజీలోనే తిరిగారు. ఫ్యాక్ట్‌చెకర్లు కొద్ది సెకన్లలోనే ఆ పేజీ వదిలేసి పక్క ట్యాబు తెరిచి ఈ సంఘం గురించి వేరేవాళ్లు ఏమన్నారో వెతికారు. అలా తెరిచిన వాటిల్లో వికీపీడియా కూడా ఉంది, దాన్ని చదివి వదిలేయకుండా అక్కడి మూలాల మీదుగా ముందుకి పోయారు.

అంటే సమాచారం నిజమో కాదో తేల్చడమే వృత్తిగా ఉన్నవాళ్లు వికీపీడియాని వాడుతున్నారు. మనం బళ్లలో దాన్ని వద్దంటే పిల్లలు దొంగచాటుగా వాడతారు, అసలు వాడాల్సిన పద్ధతి మాత్రం ఎప్పటికీ నేర్చుకోరు.

బైపీసీ సెకండియర్

మా కాలేజీలో కూడా వికీ అంటే తిడతారు సార్. కానీ ఏం వాడాలో చెప్పరు. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు గూగుల్‌లో తెలుగులో కొడితే ముందు వచ్చేది వికీనే. మిగతావన్నీ యూట్యూబ్ వీడియోలు, కోచింగ్ సెంటర్ల పేజీలు. వాటికి కింద మూలాలు కూడా ఉండవు. ఇప్పుడు మా క్లాసులో సగం మంది వికీ కూడా తెరవట్లేదు, డైరెక్టుగా చాట్‌బాట్‌ని అడిగి రాసేస్తున్నారు. దానికన్నా వికీ నయం కదా?

డెస్కు మనిషి (విజయవాడ, పేపర్లో సబ్‌ఎడిటర్)

తమ్ముడూ, నీ ప్రశ్న సూటిగా ఉంది. నయమే. వికీలో ఏ వాక్యం ఏ రోజు ఎక్కిందో, ఎవరు మార్చారో "చరిత్ర" అన్న ట్యాబులో కనిపిస్తుంది. చాట్‌బాట్ జవాబుకి అది లేదు. అయితే నా వృత్తిలో రోజూ చూసే ప్రమాదం ఒకటి చెబుతాను, టీచరుగారికి ఉపయోగపడుతుంది.

పెద్దాయన ఎవరైనా పోయారని రాత్రి పదకొండు గంటలకి వార్త వస్తుంది. పేజీ పెట్టాల్సిన టైము దగ్గరపడుతుంది. పుట్టిన తేదీ, ఊరు, మొదటి సినిమానో మొదటి ఎన్నికో కావాలి. ఫోన్లు ఎత్తరు. కుర్రాళ్లు వికీ తెరుస్తారు, అక్కడున్నది వార్తలోకి ఎక్కుతుంది. మర్నాడు వికీలో ఎవరో అదే వాక్యం పక్కన మా పేపర్ని ఆధారంగా పెడతారు. నిన్నటిదాకా ఏ ఆధారమూ లేని తేదీకి ఇవాళ అచ్చయిన పత్రిక ఆధారమైంది! చూసేవాళ్లకి పక్కా సమాచారంలా కనబడుతుంది.

అమెరికాలో ఇది కళ్లకు కట్టినట్టు జరిగింది. 2008లో ఒక కాలేజీ కుర్రాడు కోటి అనే దక్షిణ అమెరికా జంతువు పేజీలో, దాన్ని "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్" అని కూడా అంటారని సొంతంగా కల్పించి రాశాడు. తరవాత కొన్నేళ్లలో బ్రిటిష్ పత్రికలు ఆ పేరు వాడాయి, పుస్తకాల్లోకీ ఎక్కింది. ఆ పత్రికలే వికీ పేజీకి ఆధారాలయ్యాయి. 2014లో న్యూయార్కర్ పత్రిక బయటపెట్టేదాకా అలాగే నడిచింది. అందుకే మూలం ఉందా అని చూస్తే చాలదు. ఆ మూలం ఏ తేదీది, వికీలో ఆ వాక్యం ఏ తేదీన ఎక్కింది, ఏది ముందు, అని కూడా చూడాలి. ఇది చూడటం పిల్లలకి కష్టమేం కాదు, రెండు తేదీలు పోల్చుకోవడమే.

బాధ్యత ఎవరిదని మూర్తిగారు అడిగారు. 2005లో జాన్ సీగెంథాలర్ అనే పాత్రికేయుడి పేజీలో ఆయనకి కెనెడీ హత్యతో సంబంధం ఉందని అనుమానించారంటూ ఎవరో రాశారు. నాలుగు నెలలకు పైగా ఎవరూ చూడలేదు. ఆ గొడవ తరవాతే ఇంగ్లీషు వికీలో ఖాతా లేనివాళ్లు కొత్త పేజీ మొదలుపెట్టకుండా ఆపారు. మన దగ్గర ఏఎన్‌ఐ వార్తాసంస్థ తన పేజీలో రాసిన మాటల మీద 2024లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది, ఎవరు రాశారో వాళ్ల వివరాలు ఇవ్వమంది. ఆ కేసు గురించిన పేజీనే తీసేయమని హైకోర్టు చెబితే, 2025 మేలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. బాధ్యత ఎవరిదన్నది కోర్టుల్లో ఇంకా తేలుతున్న విషయమే.

చరిత్ర మూర్తి

సుధగారూ, మిడిల్‌బరీ నియమం అసలు పాఠం చెప్పినందుకు సంతోషం. ఆ నియమంతో నాకు పేచీ లేదు. నా భయం వేరే. మీరంతా చెబుతున్నది వేలమంది కాపలా ఉన్న ఇంగ్లీషు వికీ గురించి. చిన్న భాషల్లో కాపలా ఏది? స్కాట్స్ భాష వికీపీడియా సంగతి 2020లో బయటపడింది. ఆ భాషే రాని అమెరికా కుర్రాడొకడు పన్నెండేళ్ల వయసు నుంచి ఇంగ్లీషు మాటల స్పెల్లింగులు మార్చి 20 వేలకు పైగా వ్యాసాలు రాసుకుంటూ పోయాడు. దురుద్దేశం లేదు, భాష మీద ఇష్టంతోనే చేశాడు. చూసి చెప్పేవాళ్లు లేక ఏళ్ల తరబడి సాగింది. తెలుగులో అలాంటిది జరగలేదని ఎలా నమ్మాలి?

మూలాలెక్కడ

జరిగింది సార్, మరో రూపంలో. 2009 నుంచి రెండేళ్లపాటు గూగుల్ వాళ్లు తమ అనువాద పనిముట్టుతో, డబ్బిచ్చి మనుషుల్ని పెట్టి, ఇంగ్లీషు వ్యాసాలు తెలుగు, తమిళం, కన్నడం, బెంగాలీ వగైరా వికీల్లోకి ఎక్కించారు. తెలుగులోకి వందల వ్యాసాలు వచ్చిపడ్డాయి. చాంతాడంత పొడవు, చదివితే ఒక్క వాక్యం నోరు తిరగదు, అర్థం కాదు. ఎక్కించినవాళ్లు మళ్లీ వచ్చి సరిదిద్దింది లేదు. బెంగాలీ వాళ్లు ఒప్పుకోలేదు, తమిళులు షరతులు పెట్టారు. మన రచ్చబండలో (తెలుగు వికీలో సభ్యులు చర్చించుకునే పేజీ) ఏళ్లపాటు చర్చ నడిచి, బాగుచేయలేనివి చివరికి తొలగించాల్సి వచ్చింది. తెలుగు వికీ 2003 డిసెంబరు 10న మొదలైంది. ఇన్నేళ్లయినా అందులో రోజూ పనిచేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మీ భయంలో న్యాయం ఉంది.

కానీ అందుకు మందు బళ్లని దూరం పెట్టడమా, దగ్గరికి తీసుకోవడమా? తీసుకున్నా జాగ్రత్తగా తీసుకోవాలి. 2011లో పూణేలో కొన్ని కాలేజీల్లో వందలమంది విద్యార్థుల చేత కోర్సులో భాగంగా ఇంగ్లీషు వికీలో రాయించారు. మార్కులున్నాయి, గడువుంది. పిల్లలు పాఠ్యపుస్తకాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి పేరాలకు పేరాలు దించి పెట్టారు. అదంతా కాపీహక్కుల ఉల్లంఘన. వాటిని ఏరి తీసేయడానికి ఎక్కడెక్కడి స్వచ్ఛంద సభ్యులో నెలల తరబడి కూర్చున్నారు. ఆ ఏడాది నవంబరుకే కార్యక్రమం ఆపేశారు. టీచరుగారూ, మీ పిల్లలు వికీలోంచి పుస్తకంలోకి దించారు, పూణేలో పుస్తకాల్లోంచి వికీలోకి దించారు. దించడమే చదువు అనుకునే అలవాటు రెండుచోట్లా ఒకటే. వికీని నిషేధించినంత మాత్రాన అది పోదు.

భీమవరం మాస్టారు

నేను తొమ్మిదో తరగతికి చేయించేది చెబుతాను, పనికొస్తే వాడుకోండి. అల్లూరి సీతారామరాజు పుట్టిన సంవత్సరం కనుక్కోమంటాను. మా జిల్లా పిల్లలకి ఆయనంటే ప్రాణం కాబట్టి ఎగబడి వెతుకుతారు. ఒకచోట 1897, ఇంకోచోట 1898 దొరుకుతుంది. పుట్టింది పాండ్రంగి అని కొన్నిచోట్ల, మోగల్లు అని కొన్నిచోట్ల ఉంటుంది. క్లాసు రెండు వర్గాలైపోతుంది. అప్పుడు ఒక్కొక్క వర్గాన్నీ "నీకెవరు చెప్పారు? వాళ్లకెవరు చెప్పారు?" అని వెనక్కి తీసుకెళతాను. వికీ పేజీలో ఆ వాక్యం పక్కనున్న అంకె నొక్కమంటాను. మూలం ఏ పుస్తకమో రాసుకోమంటాను. ఏ మూలమూ లేకపోతే అదే రాయమంటాను.

తరవాత, 125వ జయంతి ఉత్సవాలు మా భీమవరంలో 2022 జులై 4న ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించారు కదా, ముప్పై అడుగుల విగ్రహం ఇప్పటికీ ఉంది, దాన్నిబట్టి ప్రభుత్వం ఏ సంవత్సరం లెక్క వేసుకుందో తీసివేత చేయమంటాను. 1897 వస్తుంది. ఊరి విషయంలో పాండ్రంగి అమ్మమ్మగారి ఊరని, మోగల్లు తండ్రి తరఫు ఊరని తేలాక రెండు ఊళ్లూ ఎందుకు వినబడుతున్నాయో వాళ్లకే అర్థమవుతుంది. ఆ రోజు క్లాసులో ఒక్కడు కూడా కిటికీలోంచి బయటికి చూడడు.

కొత్తగా చేరాను

అందరూ ఊళ్లు, మహనీయులు అంటున్నారు. కులాల పేజీల సంగతేంటి? మా కులం పేజీలో ఎవరో తప్పుగా రాశారు, నేను సరిచేస్తే అరగంటలో తీసేశారు. ఇదేం నమ్మకం?

మూలాలెక్కడ

ఏ పేజీయో, ఏం మార్చారో చూడకుండా నేను తీర్పు చెప్పలేనండి. కులాల పేజీల్లో ఇటువాళ్లు అటువాళ్లు మార్చుకోవడం చాలా ఎక్కువ. ఇంగ్లీషులో అందుకే చాలావాటిని కొత్త ఖాతాలు ముట్టుకోకుండా కట్టడి చేశారు. మీ మార్పుకి పుస్తకం ఆధారం ఉంటే ఆ పేజీ "చర్చ" ట్యాబులో పేజీ నంబరుతో సహా పెట్టండి. బడి ప్రాజెక్టులకి మాత్రం ఈ పేజీల జోలికి పోవద్దనే నా సలహా.

వేదిక నిర్వాహకులు

కులం పేజీల మీద వేరే చర్చ మొదలుపెట్టుకోండి. ఇక్కడ బడి సంగతి నడవనివ్వండి.

పల్నాటి టీచరమ్మ

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నాకు ఇంకా ఒక ముడి విడలేదు. మా పిల్లలకి కళ్లతో చూసిన సంగతి తెలుసు. కాలువ ఉంది, ఏటీఎం ఉంది, ఊరి చివర వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) ఉంది, దాని కథ ఫలానా తాతకి తెలుసు. అవన్నీ ఆ పేజీలో రాస్తే నిలబడతాయా?

మూలాలెక్కడ

అసలైన చోట అడిగారు. నిలబడవు, కనీసం తేలిగ్గా నిలబడవు. సొంతంగా చూసిందీ, విన్నదీ "మౌలిక పరిశోధన" కిందికి వస్తుంది. ఎక్కడైనా అచ్చై ఉండాలి. లేకపోతే ఎవరో వచ్చి "ఆధారం చూపాలి" అని తగిలిస్తారు, లేదా తీసేస్తారు. అచ్చులోకి ఎక్కని ఊళ్లకి ఇది అన్యాయం చేస్తోందని నేనూ ఒప్పుకుంటాను. 2011లో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషల కోసం పెద్దవాళ్ల మాటల్ని రికార్డు చేసి ఆధారంగా చూపే ప్రయోగం జరిగింది. అది నియమంగా మారలేదు. ఫోటో మాత్రం పెట్టొచ్చు. వీరగల్లు ఫోటో పిల్లలే స్వయంగా తీస్తే కామన్స్‌లోకి (వికీపీడియా ఫోటోలు దాచే సోదర సైటు) ఎక్కించి ఊరి పేజీలో చేర్చొచ్చు. జిల్లా పేరు మార్పుకైతే ప్రభుత్వ గెజిట్ ఆధారంగా ఉంది, నిశ్చింతగా మార్చండి.

చరిత్ర మూర్తి

తాత కథకి దగ్గర్లో ఒక దారి ఉందమ్మా. కాలిన్ మెకంజీ దొర కింద కావలి సోదరుల వంటివారు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించి సేకరించిన కైఫియత్తులు ఉన్నాయి. గుంటూరు జిల్లా కైఫియత్తులు అచ్చయ్యాయి, మీ పల్నాటి ఊళ్లు చాలా అందులోనే ఉంటాయి. దేవుడి గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, అన్నీ ఉంటాయి. అందులో ఉన్నదంతా చరిత్ర అనుకోకూడదు, స్థలపురాణం ఎంతో కలిసి ఉంటుంది. కానీ అచ్చు గ్రంథం, పేజీ నంబరుంది. తాత చెప్పిన కథనీ కైఫియత్తునీ పక్కపక్కన పెట్టి పిల్లలు చదివితే చూడాలని నాకే ఉంది. జనగణన వాళ్ల జిల్లా హ్యాండ్‌బుక్కు కూడా వాళ్ల వెబ్‌సైట్లో ఉచితం. వికీలో ఎక్కించినప్పుడు అంకె తప్పు పడిందేమో అందులో సరిచూసుకోవచ్చు.

సున్నా వేయమన్న నా మాట వెనక్కి తీసుకోవడం లేదు. దించినదానికి సున్నా వేయాల్సిందే. కానీ దించినదాన్ని తనిఖీ చేసి రాస్తే అది దించడం కాదు, వేరే పని. దానికి మార్కులు వేయండి.

పల్నాటి టీచరమ్మ

మూర్తిగారూ, కైఫియత్తుల మాట బంగారం. నరసరావుపేట లైబ్రరీలో అడుగుతాను.

హెచ్‌ఎం గారితో మాట్లాడాను. పాత ప్రాజెక్టులు అలాగే ఉంచి, వాటి మీదే రెండో విడత పని ఇస్తున్నాను. పుస్తకంలో ఎడమ పేజీ మీద ఇప్పటికే దించిన వికీ వాక్యాలు ఉన్నాయి. ఎదురుగా కుడి పేజీలో ఒక్కో వాక్యానికీ తను ఊళ్లో చూసింది రాయాలి, ఎవర్ని అడిగిందీ ఏ కాగితం చూసిందీ రాయాలి. సచివాలయానికి వెళ్లి అడగడానికి నేనే ఉత్తరం రాసిస్తాను. వికీ పేరు దాచక్కర్లేదు, ఏ రోజు తెరిచారో తేదీ వేస్తే చాలు. వాక్యం పక్కన మూలం అంకె లేకపోతే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాలి. మార్కులన్నీ కుడి పేజీకే.

నిన్న మొదలుపెట్టగానే ఆ కాలువ అమ్మాయి లేచి "టీచర్, మా ఇంటి ముందు ఉంది గానీ ఎస్సీ కాలనీలో ఇంకా లేదు, మరి ఉందని రాయాలా, లేదని రాయాలా?" అంది. ఎక్కడ ఉందో, ఎక్కడ లేదో రెండూ రాయమన్నాను. జనగణన పట్టికలో ఊరు మొత్తానికీ ఒకే జవాబు. వికీలోనూ ఒకే జవాబు. ఈ పిల్ల పుస్తకంలో వీధివారీగా ఉండబోతోంది.

ఆధారం దొరికినవాటిని చివర్లో పిల్లల చేతే పేజీలో సరిచేయించాలని ఉంది. మూలాలెక్కడ గారూ, దానికి ఏం చేయాలో చెప్పండి.

మూలాలెక్కడ

తప్పకుండా. బడి వైఫై ఒకటే కనెక్షన్ అయి ఉంటుంది. ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి రోజుకి ఆరు ఖాతాలకి మించి తెరవనివ్వదు, ఏడో పిల్లాడి దగ్గర ఆగిపోతుంది. ముందే రచ్చబండలో తేదీ చెప్పి రాయండి, పరిమితి పెంచడమో నిర్వాహకులే ఖాతాలు తెరిచివ్వడమో చేస్తారు. ఖాతా పేర్లలో పిల్లల అసలు పేర్లు, తరగతి, బడి పేరు వద్దు. ఫోటోల్లో పిల్లల ముఖాలూ వద్దు. మొదట అందరూ ప్రయోగశాల పేజీలో రాయనివ్వండి, అక్కడ తప్పు జరిగినా ఎవరికీ ఇబ్బంది లేదు. దిద్దుబాటు సారాంశం అన్న గడిలో "జిల్లా పేరు మార్చాను, గెజిట్ ఆధారం" అని ఒక్క ముక్క రాయడం నేర్పండి, అది రాస్తే చాలా గొడవలు రావు. తేదీ ఖరారయ్యాక ఇక్కడ చెప్పండి, ఆ రోజు నేను ఇటీవలి మార్పుల పేజీ తెరుచుకుని కూర్చుంటాను, ఎవరైనా తొందరపడి తీసేస్తే మాట్లాడతాను.

బైపీసీ సెకండియర్

మేడమ్, ఆ కుడి పేజీ ఒకటి ఫోటో తీసి పెడతారా, పిల్లల పేర్లు కనబడకుండా? మా ఊరి పేజీలో నేను కూడా చేసి చూస్తాను.